వేలం పేజీలో ఫోటో ముందు రావాలి, పాట తర్వాత

ఆన్‌లైన్ వేలంలో వస్తువు చేతికి రాదు. పాత స్టాంపు కానీ, నాణెం కానీ, ఫిల్మ్ కెమెరా కానీ, తిప్పి చూడటానికీ వెలుతురుకి ఎత్తి పట్టుకోవడానికీ వీలుండదు, పాడేవాళ్లకి ఉన్న ఆధారమల్లా ఫోటోనే. ఆ ఫోటో కూడా సమయానికి తెరుచుకోకపోతే ఇంక ఏం చూసి డబ్బు పెడతారు? వెబ్ పేజీలు చేయడం నా పని. స్టాంపులూ నాణేలూ వేలం వేసే కొందరు చిన్న అమ్మకందారులకి కూడా పేజీలు చేసిపెడుతుంటాను. వాళ్లు ఒక్కో లాట్ (వేలానికి పెట్టే ఒక్కో వస్తువు) వివరణ ఎంత శ్రద్ధగా రాస్తారో దగ్గరుండి చూశాను కాబట్టే ఈ ఫోటోల సంగతి ఇంత పట్టించుకుంటాను. మంచి వస్తువు, నిజాయితీగా రాసిన వివరణ, సరైన మొదటి ధర, అన్నీ ఉండి కూడా ఫోటో రాక లాట్ మిగిలిపోవడం చాలా అన్యాయం. పైగా అది చేతిలో ఉన్న పనితోనే సరిచేయగలిగిన సమస్య.

మామూలు షాపింగ్‌లో అయితే పేజీ మెల్లగా వచ్చినా పెద్దగా పోయేదేం లేదు, రేపు చూద్దాంలే అనుకుంటారు, చీర రేపు కూడా అక్కడే ఉంటుంది. వేలం అలా ఆగదు. ఈబే లాంటి ఆన్‌లైన్ వేలం సైట్లలో లాట్ ముగిసే నిమిషం ముందే ఖరారై ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు చాలామంది ఆఖరి నిమిషం దాకా ఊరుకుని చివరి సెకన్లలో పాడతారు, ముందే పాడితే ధర అనవసరంగా పెరుగుతుందని వాళ్ల లెక్క. అంటే పేజీ మీద అసలు ఒత్తిడి పడేది ఆ చివరి కొద్ది నిమిషాల్లోనే. అప్పుడే అందరూ రిఫ్రెష్ కొడుతుంటారు, అప్పుడే వెనక వైపు ఫోటో ఇంకోసారి చూసుకుందాం అనుకుంటారు. ఆ సమయంలో తెల్ల గడిలో చక్రం తిరుగుతూ ఉంటే టెన్షన్ పడి వదిలేసేవాళ్లే ఎక్కువ.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే లెక్క చూస్తేగానీ చాలామందికి నమ్మకం కుదరదు. ఈ రోజుల్లో మామూలు ఫోన్‌లో తీసిన 12 మెగాపిక్సెల్ ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు ఉంటుంది, ఫైల్ సుమారు 4 ఎంబీ అనుకుందాం. లాట్‌కి 12 ఫోటోలు పెడితే 48 ఎంబీ. చూసేవాళ్ల ఫోన్‌కి 8 ఎంబీపీఎస్ వేగం అందుతోంది అనుకోండి, అంటే సెకనుకి 1 ఎంబీ, బస్సులోనో పల్లెలోనో ఉన్నప్పుడు అంత కూడా రాదు. ఆ లెక్కన ఒక్క లాట్ పూర్తిగా తెరుచుకోవడానికి 48 సెకన్లు. ఇంకో సంగతి, మన దగ్గర రోజుకి 1.5 జీబీ డేటా ప్యాక్ వేసుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఇలాంటి లాట్లు 30 చూస్తే 1440 ఎంబీ, ఆ రోజు డేటా దాదాపు అయిపోయినట్టే. వేలంలో 200 లాట్లు ఉంటే మిగతా 170 ఎవరు చూస్తారు?

అదే ఫోటోలని 1000 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి, పద్ధతిగా కుదిస్తే ఒక్కోటి 150 కేబీ దగ్గరికి వస్తుంది. 12 కలిపి 1.8 ఎంబీ. రెండు సెకన్ల లోపు పని. అందులోనూ మొదటి ఫోటో ఒక్కటే ముందు పంపితే సెకనులో చిన్న భాగం చాలు. ఇందులో పెద్ద విద్యేం లేదు, ఫోన్ తెర మీద అసలు ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూసుకోవడమే. చాలా ఫోన్ల తెర వెడల్పు 1080 పిక్సెళ్లు. 4000 పిక్సెళ్ల ఫోటో పంపితే ఆ తెర చూపించగలిగిన దానికి 13 రెట్లు ఎక్కువ పిక్సెళ్లు పంపినట్టు. ఫోన్ వాటన్నిటినీ దించుకుని, విప్పి, మళ్లీ చిన్నది చేసి చూపిస్తుంది. డేటా పోయింది, బ్యాటరీ పోయింది, కంటికి కనిపించే తేడా మాత్రం లేదు.

కానీ ఇక్కడే చాలామంది రెండో తప్పుదారి పడతారు. బరువు తగ్గించమన్నారు కదా అని అన్ని ఫోటోలనీ చిన్నవి చేసి, నాణ్యత బాగా దించేసి పెట్టేస్తారు. చీరలకి అది నడుస్తుందేమో కానీ సేకరణ వస్తువులకి నడవదు. నాణెం సంగతే తీసుకోండి. మన రిపబ్లిక్ నాణేల మీద సంవత్సరం కింద చిన్న గుర్తు ఉంటుంది: హైదరాబాద్ టంకశాలది నక్షత్రం, ముంబైది వజ్రం ఆకారం, నోయిడాది చుక్క, కోల్‌కతాకి ఏ గుర్తూ ఉండదు. ఒకే సంవత్సరం, ఒకే విలువ ఉన్న నాణేల్లో ఒక టంకశాలది మామూలుది, ఇంకో టంకశాలది అరుదైనది కావచ్చు. ధర మొత్తం ఆ చిన్న గుర్తు మీద ఉంది. ఫోటోని నలిపేసి నక్షత్రమో చుక్కో తెలియని మచ్చ చేస్తే అమ్మేవాడు తన వస్తువు విలువని తనే చెరిపేసుకున్నట్టు.

స్టాంపుల్లో ఇంకా సున్నితం. 1948 ఆగస్టు 15న విడుదలైన గాంధీ స్టాంపుల్లో పది రూపాయలది సేకరించేవాళ్లకి బాగా తెలుసు. స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే సంస్థ ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో ముద్రించింది. దీనికి నకిలీలు ఉన్నాయి కాబట్టి కొనేవాళ్లు ముద్రణలోని సన్నటి చుక్కలు ఎలా ఉన్నాయో, అంచు పళ్లు సమంగా ఉన్నాయో లేదో, వెనక జిగురు ఉందా పోయిందా, హింజ్ మార్క్ (ఆల్బమ్‌లో అతికించిన కాగితం ముక్క వదిలిన గుర్తు) ఉందా, ఇవన్నీ చూస్తారు. వాళ్లకి మీరు పంపే 200 పిక్సెళ్ల బొమ్మ ఎందుకూ పనికిరాదు.

అందుకే నేను ప్రతి అమ్మకందారుకీ చెప్పేది ఒక్కటే: నాణ్యత తగ్గించకండి, ఎవరికి ఏది ఎప్పుడు కావాలో అదే పంపండి. లాట్ల వరసలో కనిపించే చిన్న బొమ్మ 400 పిక్సెళ్లు ఉంటే చాలు, అది 20, 30 కేబీలో వస్తుంది. లాట్ తెరిచినప్పుడు కనిపించే పెద్ద బొమ్మ 1000, 1200 పిక్సెళ్లు. జూమ్ నొక్కినవాళ్లకి మాత్రం 2000 పైన ఉన్న పూర్తి వివరం, అప్పుడు 1 ఎంబీ పట్టినా పరవాలేదు, ఎందుకంటే జూమ్ చేసే మనిషి కొనే మనిషి, ఒక సెకను ఆగుతాడు. దారిన పోతూ చూసే నూరుమందికి ఆ బరువు మోపనక్కర్లేదు.

అసలు పని కంప్యూటర్ దగ్గర మొదలవ్వదు, ఫోటో తీసే బల్ల దగ్గర మొదలవుతుంది. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, నా దృష్టిలో సగం లాభం ఇక్కడే ఉంది. జేపెగ్ (ఫోటోని కుదించి దాచే మామూలు ఫార్మాట్) ఫైల్ బరువు ఫోటోలో ఎంత హడావుడి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. నాణేన్ని టర్కీ టవల్ మీదో, పూల దుప్పటి మీదో, నేత కనిపించే వెల్వెట్ మీదో పెట్టి తీస్తే ఆ పోగులన్నీ వివరమే అనుకుని జేపెగ్ వాటికి చోటిస్తుంది. అంటే మీ కేబీల్లో పెద్ద వాటా గుడ్డకి పోయి, మిగిలింది నాణేనికి దక్కుతుంది. నున్నటి, మెరుపు లేని తెల్ల కాగితమో బూడిదరంగు కాగితమో వేయండి. అదే నాణెం, అదే సెట్టింగ్, ఫైల్ బాగా తేలికవుతుంది.

వెలుతురు కూడా అంతే. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీస్తే ఫోన్ ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే తీవ్రత) పెంచుకుంటుంది, ఫోటో నిండా ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది. ఆ ప్రతి రేణువూ కేబీలే. పగటిపూట కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫోన్ కదలకుండా ఏదైనా డబ్బాకి ఆనించి తీస్తే ఫోటో శుభ్రంగా వస్తుంది, దాంతో ఫైల్ కూడా చిన్నగా ఉంటుంది. ఆ తర్వాత కత్తిరింపు. 4000 పిక్సెళ్ల ఫోటోలో నాణెం మధ్యలో వెయ్యి పిక్సెళ్లే ఉండి చుట్టూ ఖాళీ బల్ల ఉంటే, మొత్తాన్ని 1000కి తగ్గించినప్పుడు నాణెం 250 పిక్సెళ్లకి పడిపోతుంది, టంకశాల గుర్తు మాయం. అలా కాకుండా నాణెం దాకా క్రాప్ చేస్తే ఆ వెయ్యి పిక్సెళ్లూ నాణేనివే. బరువు కొంత పెరిగినా, వివరం నాలుగు రెట్ల వెడల్పులో. స్టాంపులని స్కాన్ చేసేవాళ్లు కూడా ఇదే లెక్క వేసుకోవాలి: 3 సెంటీమీటర్ల స్టాంపు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 700 పిక్సెళ్లు పైచిలుకు వస్తుంది, 1200 డీపీఐలో 1400 పైన. జూమ్ కోసం 1200 కావాలి, కానీ స్కానర్ గాజు పలక మొత్తం స్కాన్ చేసి అలాగే ఎక్కించడం మాత్రం వద్దు.

జేపెగ్ లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ చేయి పెట్టకూడదో అర్థమవుతుంది. ఇది ఫోటోని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొడుతుంది. ఒక్కో గడిలో మెల్లగా మారే వెలుగునీడలు ఎంత, గబగబా మారే సన్న గీతలు ఎంత అని వేరు చేసి, కంటికి అంతగా ఆనని సన్న వివరాన్ని ముతకగా రాసుకుంటుంది. ఆ వేరుచేసే లెక్క పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. దాన్ని 1974లో ప్రచురించిన ముగ్గురూ మనవాళ్లే: బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిసెట్టి రామమోహనరావు. రావు గారు అమెరికాలో ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఈ ఆలోచన మీద పని చేయడానికి నాసిర్ అహ్మద్ 1972లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని నిధులు అడిగితే వాళ్లు ఇవ్వలేదు. అయినా వదలకుండా చేశారు. 1992లో జేపెగ్ ప్రమాణం ఆ లెక్క మీదే వచ్చింది, ఇవాళ ప్రపంచంలో ఏ మూల ఏ జేపెగ్ తెరుచుకున్నా అది వీళ్ల పనే. మన కాలేజీల్లో ఈ పేర్లు ఇంకా గట్టిగా వినిపించాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

సరే, దీనివల్ల మనకి తెలిసేదేంటంటే, జేపెగ్ ముందుగా తగ్గించేది సన్నటి వివరాన్నే. స్టాంపు అంచు పళ్లు, నాణెం మీది అక్షరాల అంచులు, పోస్టాఫీసు ముద్ర, అన్నీ ఆ కోవలోవే. అందుకని సేవ్ చేసేటప్పుడు అడిగే క్వాలిటీ అంకెని 100కి 80, 85 దగ్గర ఉంచండి. 95 పైకి వెళితే బరువు బాగా పెరుగుతుంది, కంటికి తేడా తెలియదు. 60 కిందికి దిగితే గీతల చుట్టూ మురికి చేరినట్టు కనిపిస్తుంది, అది నిజంగా వస్తువు మీద ఉన్న మచ్చేమో అని కొనేవాళ్లు అనుమానపడతారు. ఒక సాఫ్ట్‌వేర్‌లో 80, ఇంకో దాంట్లో 80 ఒకటి కాదు, కాబట్టి అంకెని నమ్మకుండా కంటితో చూసి నిర్ణయించండి. స్క్వూష్ అని గూగుల్ క్రోమ్ బృందం చేసిన ఉచిత పేజీ ఒకటుంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఫోటో అందులో వేస్తే మధ్యలో గీత జరుపుతూ ఇటు అసలుది, అటు కుదించినది పోల్చి చూసుకోవచ్చు, ఎన్ని కేబీలు తగ్గాయో కింద కనిపిస్తుంది. టంకశాల గుర్తు మీద పెట్టి చూడండి, అది చెడిందంటే అంకె పెంచండి.

రంగు విషయం వేరే. జేపెగ్ చాలాసార్లు రంగుని నాలుగు పిక్సెళ్లకి ఒక్క విలువగా కుదిస్తుంది, వెలుగుని మాత్రం పూర్తిగా ఉంచుతుంది. మనిషి కన్ను రంగులో సన్న తేడాల్ని అంతగా పట్టదు కాబట్టి ముఖాలకీ ప్రకృతి దృశ్యాలకీ ఇది బాగా పనిచేస్తుంది. కానీ ఎర్ర సిరాతో వేసిన సన్నటి ఓవర్‌ప్రింట్ (అచ్చయిన స్టాంపు మీద మళ్లీ అచ్చువేసిన అక్షరాలు) ఉన్న స్టాంపులో ఆ ఎరుపు పక్కకి పాకినట్టు కనిపిస్తుంది. అలాంటి లాట్లకి జూమ్ ఫోటోలో రంగు తగ్గింపు లేకుండా సేవ్ చేయండి, సాఫ్ట్‌వేర్‌లో 4:4:4 అని కనిపించే ఎంపిక అదే. ఇంకోటి, ఐఫోన్‌లో తీసిన ఫోటోలు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఉంటాయి. మెటాడేటా (ఫోటోతో పాటు ఫైల్‌లో దాగి ఉండే సమాచారం) తీసేసే క్రమంలో ఆ రంగుల ప్రొఫైల్ కూడా పోతే స్టాంపు ఛాయ మారిపోతుంది. ఛాయని బట్టే ధర మారే స్టాంపులున్నాయి, కాబట్టి ముందు మామూలు తెరలు వాడే ఎస్ఆర్‌జీబీ రంగులకి మార్చి ఆ తర్వాతే మెటాడేటా తీయండి.

మెటాడేటా మాత్రం తప్పకుండా తీయాల్సిందే. బరువు తగ్గేది కొద్దిగానే, అసలు కారణం వేరు. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫోటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైల్‌లో దాగి ఉంటుంది. విలువైన నాణేలు ఇంట్లో పెట్టుకుని ఫోటో తీసేవాళ్లు తమ ఇంటి చిరునామా అందరికీ పంచినట్టవుతుంది. పెద్ద వేలం సైట్లు వాటంతట అవి తీసేస్తుంటాయి, సొంత పేజీలో పెట్టేవాళ్లకి ఆ రక్షణ ఉండదు.

మన దగ్గర ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది వాట్సాప్. చాలా లాట్లు అమ్మేవాడివి కావు, ఎవరో ఒకరు మా నాన్నగారి సేకరణ అమ్మిపెట్టండి అన్నా అని అప్పగించినవి. ఫోటోలు వాట్సాప్‌లో వస్తాయి. మామూలుగా పంపితే వాట్సాప్ గట్టిగా కుదించేస్తుంది, వివరం అక్కడే పోతుంది, ఆ తర్వాత మీరు దాన్ని మళ్లీ సేవ్ చేసి ఎక్కిస్తే జేపెగ్ మీద జేపెగ్ పడి ఇంకా పాడవుతుంది. 2023 ఆగస్టులో హెచ్‌డీ ఎంపిక వచ్చింది, కొంచెం నయం. అన్నిటికంటే మంచిది ఫోటోని డాక్యుమెంట్‌గా పంపమనడం, అప్పుడు అసలు ఫైల్ చెక్కుచెదరకుండా వస్తుంది. పెద్దవాళ్లకి ఇది ఫోన్‌లో చెప్పడం కష్టమే, ఇంట్లో పిల్లలెవరైనా ఉంటే వాళ్లకి ఫోన్ ఇమ్మని చెప్పండి. వచ్చిన అసలు ఫైల్‌ని వేరే ఫోల్డర్‌లో ఎప్పటికీ అలాగే ఉంచి, ప్రతి సైజునీ దాని నుంచే తయారు చేయండి. చిన్నదాని నుంచి ఇంకా చిన్నది చేయడం వద్దు.

ఫార్మాట్ల గురించి క్లుప్తంగా. ఫోటోలకి పీఎన్‌జీ వాడకండి, అది లోగోలకీ స్క్రీన్‌షాట్లకీ మంచిది, నాణెం ఫోటోకి వాడితే బరువు ఎన్నో రెట్లు పెరుగుతుంది. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీని 2020లో ఐఫోన్ బ్రౌజర్ సఫారీ కూడా ఒప్పుకుంది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా వాడొచ్చు, జేపెగ్ కంటే తేలిగ్గా వస్తుంది. 2019లో వచ్చిన ఏవిఫ్ ఇంకా తేలిక. కానీ తక్కువ సైజు పెడితే సన్నటి గరుకుదనాన్ని నున్నగా చేసేస్తుంది, నాణెం మీది సన్న గీతలు పోయి పాలిష్ చేసినట్టు కనబడితే కొన్నవాళ్లు రేపు వస్తువు చేతికొచ్చాక గొడవ పెట్టుకుంటారు. చిన్న బొమ్మలకి వాడండి, జూమ్ ఫోటోకి నేనైతే మంచి జేపెగ్‌నే ఇష్టపడతాను. ఐఫోన్ 2017 నుంచి హీక్ అనే ఫార్మాట్‌లో ఫోటోలు దాస్తోంది, చాలా బ్రౌజర్లు దాన్ని చూపించవు, కెమెరా సెట్టింగుల్లో మోస్ట్ కంపాటిబుల్ అని మారిస్తే జేపెగ్‌లో వస్తాయి.

ఇక పేజీ సంగతి. మీరు సొంత వేలం పేజీ నడుపుతుంటే ఈ భాగం మీ పేజీ చేసేవాళ్లకి చూపించండి. 12 ఫోటోలూ ఒకేసారి రావాలని పేజీ అడిగితే ఉన్న కొద్దిపాటి వేగాన్ని 12 ఫోటోలు పంచుకుంటాయి, మొదటిది కూడా ఆలస్యమవుతుంది. పెళ్లిలో వడ్డించేవాళ్లు ఒక వరసలో వస్తారు కదా, అన్ని గిన్నెలూ ఒకేసారి విస్తరి మీద బోర్లించరు. అలాగే మొదటి ఫోటోకి పెద్దపీట, మిగతావి కిందికి జరిపినప్పుడు. దీనికోసం బ్రౌజర్లలో లేజీ లోడింగ్ అనే సౌకర్యం ఉంది, క్రోమ్‌లో 2019 నుంచి ఒక్క చిన్న మాట ఫోటో ట్యాగులో (పేజీ కోడ్‌లో ఫోటోని పిలిచే చోట) రాస్తే పనిచేస్తుంది, వేరే స్క్రిప్టులు అక్కర్లేదు. చాలా పేజీల్లో చూసే పొరపాటు ఏంటంటే అన్ని ఫోటోలకీ ఆ మాట తగిలించేస్తారు, మొదటి ఫోటోకి కూడా. అప్పుడు బ్రౌజర్ పేజీ అమరిక అంతా తేలేదాకా ఆగి తర్వాతే మొదటి ఫోటో అడుగుతుంది. పైన కనిపించే ఫోటోకి లేజీ పెట్టొద్దు, పైగా దాన్నే ముందు తెమ్మని చెప్పే ఫెచ్ ప్రయారిటీ హై అని రాయండి. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత, వేలం పేజీలో ఆ పెద్ద భాగం దాదాపు ఎప్పుడూ మొదటి ఫోటోనే.

ఫోటో వెడల్పు ఎత్తు ట్యాగులో రాయడం అందరూ మర్చిపోయే విషయం. రాయకపోతే ఫోటో వచ్చేదాకా బ్రౌజర్ దానికి చోటు ఉంచదు, రాగానే కింద ఉన్నదంతా ఒక్కసారిగా జారిపోతుంది. వార్తల పేజీలో అయితే చిరాకుతో పోతుంది. వేలంలో ఆఖరి పది సెకన్లలో పాడే బటన్ మీద వేలు పెట్టబోతుండగా అది కిందికి జారి, వేలు ఇంకేదో లింక్ మీద పడి, వేరే పేజీ తెరుచుకుంటే? ఆ లాట్ పోయినట్టే. రెండు అంకెలు రాస్తే పోయే సమస్య ఇది, ప్రతి ఫోటోకీ రాసి తీరాలి.

తెర సైజుని బట్టి వేర్వేరు సైజులు ఇచ్చే ఎస్ఆర్‌సీసెట్ పద్ధతి కూడా చాలా ఏళ్లుగా ఉంది. 400, 800, 1200 అని మూడు ఫైళ్ల పేర్లు రాస్తే బ్రౌజర్ తనకి కావాల్సింది తనే ఎంచుకుంటుంది. పెద్ద వేలం సైట్లు చేసేదీ ఇదే. ఈబే ఫోటో చిరునామా చివర చూస్తే ఎస్-ఎల్500, ఎస్-ఎల్1600 లాంటి గుర్తులు కనిపిస్తాయి, ఒకే ఫోటోకి వేర్వేరు సైజులు అవి. ఈబేలో అమ్మేవాళ్లకి అందుకే సలహా వేరు: పొడవైన వైపు కనీసం 500 పిక్సెళ్లు ఉండాలి, 1600 ఉంటే మంచిదని వాళ్లే చెబుతారు, కాబట్టి శుభ్రంగా క్రాప్ చేసిన 1600 ఫోటో ఎక్కించండి, మిగతా సైజులు వాళ్లు చూసుకుంటారు. మీ వైపు నుంచి గట్టిగా కుదించి పంపితే వాళ్లు మళ్లీ కుదిస్తారు, రెండు దెబ్బలు తగులుతాయి.

ఈబే వివరణలో బయటి ఫోటోలు పెట్టే అలవాటు గురించి కూడా చెప్పాలి. ఒకప్పుడు అక్కడ అదనపు ఫోటోలకి డబ్బులు తీసుకునేవాళ్లు, అందుకని అమ్మేవాళ్లు ఫోటోలు బయట ఉచితంగా దాచుకుని వివరణలో లింకులు ఇచ్చేవాళ్లు. 2017 జూన్ చివర్లో అలా ఫోటోలు దాచుకునే ఫోటోబకెట్ సైట్ ఉన్నట్టుండి నిబంధన మార్చింది, బయటి పేజీల్లో ఫోటోలు కనిపించాలంటే ఏడాదికి 399.99 డాలర్ల ప్లాన్ కట్టాలని. ఒక్కసారిగా లెక్కలేనన్ని లిస్టింగుల్లో వస్తువుల ఫోటోలు పోయి వాటి చోట హెచ్చరిక బొమ్మలు వచ్చాయి. నడుస్తున్న వేలాలు మధ్యలో గుడ్డివైపోయాయి. ఇప్పుడు ఈబేలో ఒక లిస్టింగుకి 24 ఫోటోలు పెట్టుకునే వీలుంది, బయటి లింకుల అవసరమే లేదు. వేగం పరంగా కూడా బయటి లింకులు నష్టమే, ఎందుకంటే ప్రతి కొత్త సర్వర్‌తో బ్రౌజర్ పరిచయం చేసుకోవడానికి కొన్నిసార్లు అటూ ఇటూ తిరగాలి. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ దాదాపు 13,000 కిలోమీటర్లు, ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ఒక్కసారి వెళ్లి రావడానికి ఎంత గొప్ప నెట్ ఉన్నా 130 మిల్లీసెకన్లు తప్పదు, నిజంలో ఇంకా ఎక్కువ. మన లాట్లు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లు కూడా చూస్తుంటారు కాబట్టి సొంత పేజీ ఉన్నవాళ్లు ఫోటోలని సీడీఎన్‌లో (ప్రపంచంలో పలుచోట్ల నకళ్లు ఉంచే సర్వర్ల వ్యవస్థ) పెడితే వాళ్లకి దగ్గరలోని సర్వర్ నుంచే అందుతాయి.

అలాగే వివరణలో అలంకారం కోసం పెట్టే బొమ్మలు: షాపు బ్యానర్, దేవుడి బొమ్మ, రంగుల అంచులు, పోస్టేజీ నిబంధనలన్నీ ఒక బొమ్మగా చేసి అతికించడం. పంపే చార్జీలు, వాపసు షరతులు మామూలు అక్షరాల్లో రాయండి. అక్షరాలైతే ఒకట్రెండు కేబీలు, బొమ్మ అయితే వందల కేబీలు, పైగా ఫోన్‌లో ఆ అక్షరాలు చదవలేరు, గూగుల్‌కీ దొరకవు.

ఆఖరి నిమిషాల రిఫ్రెష్ గురించి మొదట్లో అన్నాను. ప్రతి రిఫ్రెష్‌కీ ఫోటోలు మళ్లీ దిగుతున్నాయంటే సర్వర్ వాటిని దాచుకోమని బ్రౌజర్‌కి చెప్పడం లేదని అర్థం. వేలం మొదలయ్యాక లాట్ ఫోటో మారదు, మారకూడదు కూడా. కాబట్టి ఫోటోలకి క్యాష్ (బ్రౌజర్ తన దగ్గర దాచుకునే నకలు) కాలం ఏడాది పెట్టేయొచ్చు. ఏదైనా ఫోటో మార్చక తప్పకపోతే ఫైల్ పేరు మార్చి కొత్తగా ఎక్కించండి, పాతది ఎవరి ఫోన్‌లోనూ అడ్డం రాదు. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే, మారేది ధర ఒక్కటే కాబట్టి ఆ ధరని మాత్రమే కొన్ని సెకన్లకోసారి సర్వర్ నుంచి చిన్న అభ్యర్థనతో తెచ్చుకునేలా పేజీని చేయడం. నూట యాభై బైట్ల అంకె కోసం మొత్తం పేజీని మళ్లీ దించే అవసరం పాడేవాళ్లకి రాకూడదు. నేను పేజీ చేసేటప్పుడు మొదట అడిగేది ఇదే, మిగతావన్నీ తర్వాత.

పరీక్షించడం ఆఫీసు వైఫై మీద, కొత్త ల్యాప్‌టాప్ మీద చేస్తే అంతా బాగానే కనిపిస్తుంది. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ అనే చోట వేగాన్ని స్లో 4జీకి తగ్గించి, క్యాష్ ఆపేసి చూడండి, ఏ ఫైల్ ఎంత సేపు పట్టిందో చారల రూపంలో కనిపిస్తుంది, అన్నిటికంటే పొడవాటి చార ఏ ఫోటోదో అక్కడే దొరికిపోతుంది. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ కూడా ఉచితమే. ఇవన్నీ అయ్యాక మీ ఇంట్లోనో చుట్టాల్లోనో ఎవరి దగ్గరైనా నాలుగైదేళ్ల నాటి మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే తీసుకుని, వైఫై ఆపి, ఊరి బయటికి వెళ్లి మీ లాట్ ఒకటి తెరిచి చూడండి. మొదటి ఫోటో ఎంతసేపటికి వచ్చింది, టంకశాల గుర్తు జూమ్‌లో చదవగలిగారా, పాడే బటన్ కదలకుండా ఉందా, ఈ మూడూ చూసుకుని అప్పుడు వేలం తేదీ ప్రకటించండి.